ఎయిర్ ఫ్రయర్ కొనాలనుకుంటున్నాను: ఎంత పెద్దది, ఏ రకం తీసుకోవాలి, ఎలా వాడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నలుగురం ఉంటాం. నూనెలో వేయించిన పదార్థాలు బాగా తగ్గించాలని వైద్యులు మా అమ్మగారికి చెప్పి మూడు నెలలవుతోంది. ఆవిడకు మొదటినుంచీ వేపుళ్లంటే ప్రాణం. అవి మానేసినప్పటినుంచి భోజనం సరిగ్గా చేయడం లేదు. ఆవిడ కోసమే ఎయిర్ ఫ్రయర్ కొనాలనుకుంటున్నాను. కొనేముందు ఒకసారి వాడి చూస్తే మంచిదని, మా అక్క దగ్గరున్న రెండున్నర లీటర్ల చిన్న యంత్రాన్ని అడిగి తెచ్చుకున్నాను.

వారం రోజుల్లో నాకు తేలినది ఇది. బంగాళాదుంపలను వేలెడు పొడవు ముక్కలుగా కోసి, బుట్టను ముప్పావు వంతు నింపి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు పెట్టాను. పైనున్న ముక్కల కొసలు నల్లబడ్డాయి. అడుగునున్నవి ఉడకబెట్టినట్టు మెత్తగా, చెమర్చి ఉన్నాయి. కాలీఫ్లవర్‌ను జారుపిండిలో ముంచి పెడితే పిండంతా రంధ్రాల గుండా కారిపోయి, బుట్ట అడుగున అట్టుకట్టింది. కోడి తొడ ముక్కలు మాత్రం, నేను పొయ్యి మీద ఎన్నడూ చేయనంత బాగా వచ్చాయి.

లోపం నా పద్ధతిలో ఉందా, యంత్రం చిన్నది కావడంలో ఉందా అన్నది నాకు అర్థం కావడం లేదు. నలుగురికి ఎన్ని లీటర్లది సరిపోతుంది? సొరుగులా లాగే రకం మంచిదా, తలుపు తెరిచే రకం మంచిదా? బుట్టకు ఉండే నాన్‌స్టిక్ పూత వల్ల హాని ఉంటుందని కొందరు భయపెడుతున్నారు, అందులో నిజమెంత? వాడుతున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండి. కోడి ముక్కలు బాగా వచ్చి, బంగాళాదుంపలు పాడవడానికి కారణం ఒక్కటే. పేరులో వేయించడం అని ఉన్నా, ఇది వేయించే యంత్రం కాదు. గాలి బలంగా వీచే చిన్న ఓవెన్. ఈ సూత్రం కొత్తదేమీ కాదు. విమానాల్లో గడ్డకట్టించిన భోజనాలను వేడి చేయడానికి విలియం మాక్సన్ అనే అమెరికన్ 1940లలోనే ఫ్యాను అమర్చిన చిన్న ఓవెన్‌ను తయారు చేశారు. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే రూపంలో, ఎయిర్ ఫ్రయర్ అన్న పేరుతో ఫిలిప్స్ సంస్థ 2010లో దీన్ని బెర్లిన్ ప్రదర్శనలో విడుదల చేశాక అది ఇళ్లలోకి వచ్చింది.

కాగిన నూనెలో ముక్కను వేస్తే, నూనె ముక్కను అన్ని వైపులా తాకి, వేడిని క్షణాల్లో లోపలికి పంపుతుంది. గాలికి ఆ శక్తి లేదు. పైగా ముక్క నుంచి వచ్చే ఆవిరి దాని చుట్టూ పలుచని తడి పొరలా నిలిచి, వేడిని అడ్డుకుంటుంది. పైనున్న ఫ్యాను ఆ పొరను ఎప్పటికప్పుడు ఊడ్చేయడం వల్లనే ఈ యంత్రం పనిచేస్తుంది. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీలు దాటదు. తడి ఆరాక, సుమారు 140 డిగ్రీల దగ్గర ఎర్రబడటం, కమ్మని వాసన రావడం మొదలవుతాయి. మీరు బుట్టను ముప్పావు వంతు నింపినప్పుడు గాలి పైవరుసను దాటి కిందికి వెళ్లలేకపోయింది. అడుగు ముక్కలు తమ ఆవిరిలో తామే ఉడికాయి. కోడి ముక్కలను బహుశా ఒకే వరుసలో, ఎడం ఎడంగా పరిచి ఉంటారు. తోలులో ఉన్న కొవ్వు కరిగి నూనె పని చేసింది. తేడా అక్కడే వచ్చింది.

అందుకే కొనేటప్పుడు లీటర్ల లెక్క కంటే బుట్ట అడుగు వైశాల్యం చూడాలని నా గట్టి అభిప్రాయం. లీటర్లు లోతును కూడా కలుపుకుని చెబుతాయి, కానీ మీరు ఆ లోతును ఎన్నడూ నింపరు. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రని బుట్ట అడుగు సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. 23 సెంటీమీటర్ల చతురస్రపు బుట్ట అడుగు 529. మూడే సెంటీమీటర్ల తేడాతో దాదాపు 70 శాతం ఎక్కువ చోటు దొరుకుతుంది. నలుగురున్న ఇంటికి అయిదు నుంచి ఆరు లీటర్లు, చతురస్రాకారపు బుట్ట ఉన్నది తీసుకోండి. ఇద్దరికైతే మూడు, నాలుగు లీటర్లు చాలు. దుకాణానికి వెళ్లేటప్పుడు కొలత టేపు వెంట తీసుకెళ్లి, అడుగు కొలిచి మరీ కొనండి. అట్టపెట్టె మీద రాసిన సంఖ్యతో సరిపెట్టుకోవద్దు.

రెండు సొరుగులున్న రకం చూసి ఆశపడేవారు ఒక సంగతి గమనించాలి. మొత్తం ఎనిమిది లీటర్లని చెప్పినా, ఒక్కో సొరుగు నాలుగు లీటర్లే. రెండు వేర్వేరు పదార్థాలను వేర్వేరు వేడిలో ఒకేసారి చేసుకోవడానికి అది ఎంతో అనుకూలం. కానీ పెద్ద ముక్క ఏదైనా చేయాలంటే ఒక్క సొరుగులో పట్టదు. తలుపు తెరిచే రకంలో రెండు మూడు అరలుంటాయి, లోపల ఏం జరుగుతోందో కనబడుతుంది, కేకు వంటివి కూడా తేలిగ్గా చేసుకోవచ్చు. అయితే పై అర, కింది అర ఒకేలా కాలవు గనుక మధ్యలో మార్చి పెట్టాలి. కొవ్వు చిట్లి గోడలకూ తలుపు అద్దానికీ అంటుకుంటుంది. మీ అవసరం ప్రధానంగా వేపుడు ముక్కలే కాబట్టి సొరుగు రకమే మీకు నప్పుతుంది. సొరుగు లాగితే వేడి ఆగిపోతుంది, పట్టుకుని ఒకసారి ఎగరవేసి మళ్లీ తోసేస్తే సరి.

బొమ్మల మీటలు పదీ పన్నెండూ ఉన్నాయని ఎక్కువ డబ్బు పెట్టకండి. వంటకు కావలసినవి రెండే, ఎంత వేడి, ఎంతసేపు. అమ్మగారు కూడా వాడతారంటే తిప్పే మీటలున్న యంత్రమే ఆవిడ చేతికి అలవాటవుతుంది. 1500 వాట్ల యంత్రం 20 నిమిషాలు ఆగకుండా నడిచినా అర యూనిట్టే ఖర్చవుతుంది. నిజానికి వేడి చేరాక మధ్యమధ్యలో కాయిల్ ఆగుతుంది గనుక ఇంకా తక్కువే అవుతుంది. కానీ అంత విద్యుత్తు ఒక్కసారిగా లాగుతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించవద్దు. గోడకున్న పెద్ద సాకెట్టుకే నేరుగా పెట్టండి. వెనక నుంచి వేడి గాలి బయటికి వస్తుంది. గోడకు కనీసం ఒక జానెడు దూరం ఉంచాలి.

సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. బంగాళాదుంపల విషయంలో నేను చేసే పద్ధతి చెబుతాను. కొత్త యంత్రం వచ్చేదాకా ఆగక్కరలేదు, ఇప్పుడు మీ చేతిలో ఉన్న చిన్నదానిలోనే చేసి చూడండి.

చిన్న బుట్టకు 300 గ్రాముల దుంపలు చాలు. ఒక సెంటీమీటరు మందంతో, అన్నీ ఒకే పరిమాణంలో కోయండి. సన్నవీ లావువీ కలిస్తే సన్నవి మాడతాయి. కడిగిన నీళ్లు పాలలా తెల్లగా వస్తాయి. అది పిండి పదార్థం, నీళ్లు తేటపడేదాకా రెండు మూడు సార్లు మార్చి, ఆ తర్వాత అరగంట నానబెట్టండి. వడగట్టి, పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దండి. ఇక్కడ తొందరపడకూడదు. ముక్కను రెండు వేళ్ల మధ్య నొక్కితే వేళ్లకు తడి అంటకూడదు. తర్వాత వేరే గిన్నెలో వేసి, రెండు చిన్న చెంచాల నూనె పోసి, చేత్తో ప్రతి ముక్కకూ పట్టేలా కలపండి. నూనె బుట్టలో పైన చల్లితే సగం కిందికి కారిపోతుంది. ఉప్పు ఇప్పుడే వేయవద్దు, అది నీటిని బయటికి లాగి ముక్కను మళ్లీ తడి చేస్తుంది.

యంత్రాన్ని ఖాళీగా మూడు నిమిషాలు వేడి చేసి, ముక్కలు వేసి, మొదట 160 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు పెట్టండి. ఈలోగా లోపల ఉడుకుతుంది. మధ్యలో ఒకసారి సొరుగు లాగి ఎగరవేయండి. తర్వాత 200 డిగ్రీలకు పెంచి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంచి, మధ్యలో మళ్లీ ఎగరవేయండి. అప్పుడు చెవి పెట్టి వినండి. మొదటిసారి ఎగరవేసినప్పుడు ముక్కలు మెత్తగా, బరువుగా ఒకదానిమీదొకటి పడతాయి. రెండోసారి ఎండిన గింజలను చేటలో చెరిగినట్టు గలగలమంటాయి. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంకో రెండు మూడు నిమిషాల్లో అయిపోయినట్టే. నేను గడియారం కంటే ఆ చప్పుడునే ఎక్కువ నమ్ముతాను. ఉప్పు అప్పుడు చల్లండి.

బంగారు రంగు రాగానే తీసేయండి, గోధుమ రంగు దాటనివ్వకండి. పిండి పదార్థం ఎక్కువున్నవి 120 డిగ్రీలకు పైబడిన వేడిలో మాడేకొద్దీ అక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది. ఇది ఆహారంలో ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. గాలితో కాల్చినా నూనెలో వేయించినా ఈ జాగ్రత్త అవసరమే. ముందు నానబెట్టడం వల్ల కూడా అది కొంత తగ్గుతుంది.

ఇక కాలీఫ్లవర్. జారుపిండి నిలవాలంటే అది ముక్కకు తగలగానే గట్టిపడాలి. ఆ పని కాగిన నూనె చేయగలదు, గాలి చేయలేదు. కాబట్టి జారుపిండితో చేసేవి దీనిలో కుదరవని ముందే ఒప్పుకుంటే నిరాశ ఉండదు. దానికి బదులుగా ముక్కలను పొడి పిండిలో దొర్లించి, గిలక్కొట్టిన గుడ్డులో గానీ, గుడ్డు తినకపోతే చిక్కటి పెరుగులో గానీ ముంచి, బ్రెడ్ పొడిలో వేసి గట్టిగా అదిమి, పది నిమిషాలు ఆరనిచ్చి, పైన నూనె బ్రష్షుతో తేలిగ్గా రాసి 190 డిగ్రీల దగ్గర పెట్టండి. పొడి పొర నిలుస్తుంది, కరకరలాడుతుంది. నూనె అసలు రాయకపోతే పిండి తెల్లగా, నోట్లో సుద్దలా మిగిలిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బుట్ట కడిగే శ్రమ తప్పుతుందని మొదటి నెలలో నేను అడుగున కాగితం పరిచి, ఖాళీగా ముందు వేడి చేశాను. బరువేమీ లేని ఆ కాగితం గాలికి లేచి, పైన ఎర్రగా కాలుతున్న కాయిల్‌కు అంటుకుని కాలింది. వెంటనే ప్లగ్గు తీసేసి, సొరుగు తెరవకుండా ఆగాను కాబట్టి పొగతో పోయింది. కాగితం వేస్తే దాని మీద ఆహారం ఉన్నప్పుడే వేయాలి. అదీ అడుగు రంధ్రాలన్నీ మూసేలా కాదు. ఆకుకూరల వంటి తేలిక పదార్థాలు కూడా ఇలాగే ఎగురుతాయి. వాటి మీద చిన్న లోహపు జాలీ బరువుగా పెట్టుకోవాలి.

సమాధానం 3

పూత గురించి అడిగారు, దానికే పరిమితమై చెబుతాను. ఎక్కువ బుట్టలకు ఉండేది పీటీఎఫ్ఈ అనే పూత. టెఫ్లాన్ అన్న పేరుతో అందరికీ తెలిసినది ఇదే. సుమారు 260 డిగ్రీల వరకు అది స్థిరంగా ఉంటుంది. అంతకు మించి బాగా వేడెక్కితే విచ్ఛిన్నమై వాయువులు వెలువడతాయి. ఎయిర్ ఫ్రయర్లు సాధారణంగా 200 డిగ్రీల దగ్గరే ఆగుతాయి కాబట్టి, సరిగ్గా వాడితే ఆ హద్దుకు చేరవు. ఆ పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం వల్లనే భయాలు ఎక్కువగా పుట్టాయి. అమెరికాలోని పెద్ద తయారీదారులు 2015 నాటికి దాని వాడకాన్ని ఆపేశారు.

అయినా రెండు జాగ్రత్తలు తప్పవు. పంజరంలో పక్షులను పెంచేవారు ఈ యంత్రాన్ని వాటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి. వేడెక్కిన పూత వాయువులకు పక్షుల ఊపిరితిత్తులు మనకంటే ఎన్నో రెట్లు సున్నితం. రెండోది, పూత పెచ్చులుగా లేచిన బుట్టను మార్చేయండి. సెరామిక్ పూత ఉన్నవి దొరుకుతాయి, వాటిలో పీటీఎఫ్ఈ ఉండదు, కానీ జారే గుణం త్వరగా పోతుంది. మనసుకు ఏమాత్రం నచ్చకపోతే స్టీలు జాలీ ఉన్నవీ, గాజు గిన్నె ఉన్నవీ ఉన్నాయి. కొంచెం అంటుకుంటాయి, తోమడానికి ఓపిక కావాలి.

పూత పాడయ్యేది ఎక్కువగా మన చేతుల్లోనే. లోహపు పట్టకారు, ఇనుప పీచు ముట్టించవద్దు. డబ్బాల్లో ఒత్తితే తుంపరగా వచ్చే వంట నూనెల్లో లెసిథిన్ వంటివి కలిపి ఉంటాయి, అవి పూత మీద కాలి జిగురుగా గట్టిపడి ఇక వదలవు. మామూలు నూనెను చిన్న సీసాలో పోసుకుని బ్రష్షుతో రాసుకోండి. వేడి బుట్టను చన్నీళ్ల కింద పెట్టవద్దు. కొంచెం చల్లారాక, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి పావుగంట నానబెడితే మెత్తటి స్పాంజితోనే వదులుతుంది.

అందరూ మరిచిపోయేది పైనున్న కాయిల్. నెలకొకసారి ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, యంత్రాన్ని తలకిందులు చేసి చూడండి. అక్కడ పేరుకున్న కొవ్వే పాత వాసనకూ పొగకూ మూలం. తడిపి పిండిన గుడ్డతో, మెత్తటి బ్రష్షుతో తుడిచి, బాగా ఆరాకే మళ్లీ వాడాలి. యంత్రాన్ని మాత్రం ఎప్పుడూ నీళ్లలో ముంచకూడదు. కొత్తది రాగానే 200 డిగ్రీల దగ్గర పావుగంట ఖాళీగా, కిటికీలు తెరిచి నడిపించండి. మొదటిరోజు వచ్చే ఘాటు వాసన దాంతో పోతుంది.

సమాధానం 4

కొనమని అందరూ చెబుతున్నారు కాబట్టి నేనొక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో ఫ్యాను ఉన్న ఓవెన్ ఏదైనా ఇప్పటికే ఉందా? ఉంటే ముందు దానిలో, రంధ్రాల పళ్లెం గానీ జాలీ గానీ పెట్టి, పై అరలో చేసి చూడండి. గాలి వేగం తక్కువ గనుక కొంచెం ఆలస్యమవుతుంది. వేడెక్కడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. కానీ నలుగురికీ ఒకే వాయిలో అవుతుంది. మా ఇంట్లో ఆరుగురం. ఎయిర్ ఫ్రయర్ కొన్నాక మూడు వాయిలు వేయాల్సి వచ్చి, మొదటి వాయి చల్లారేసరికి మూడోది పూర్తయ్యేది. ఇప్పుడు దాన్ని ఒకరిద్దరి భోజనానికీ, మిగిలినవి వేడి చేసుకోవడానికీ మాత్రమే వాడుతున్నాం. నిన్నటి వేపుడు ముక్కలను 170 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. ఆ ఒక్క పనిలో దీనికి సాటి వచ్చేది ఏదీ లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మాకు ఓవెన్ లేదు. నిన్న సాయంత్రం మూడు వందల గ్రాముల దుంపలతో, రెండో సమాధానంలో చెప్పినట్టే అక్షరాలా చేశాను. గుడ్డతో అద్దాక ముక్కలు పొడిగా ఉన్నాయనుకున్నాను, కానీ వేళ్ల మధ్య నొక్కి చూస్తే తడి అంటింది. ఇంకో గుడ్డ మార్చాల్సి వచ్చింది. గలగలమన్న చప్పుడు నాకూ స్పష్టంగా వినిపించింది. అమ్మగారు తిని, నూనెలో వేసినట్టు లేవు గానీ బాగున్నాయి, రేపు కూడా చెయ్యి అన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. కోడి తొడలు చేసిన రోజు చివర్లో పొగ వచ్చింది, అది ప్రమాదమా? అలాగే నూనె నిజంగా ఎంత తగ్గుతుందో లెక్కగా చెప్పగలరా? వైద్యులు అడిగితే చెప్పాలి.

సమాధానం 5

పొగ కొవ్వు వల్ల వచ్చింది. తోలు నుంచి కారిన కొవ్వు బుట్ట కింద, సొరుగు అడుగున చేరి, పదేపదే వేడి గాలి తగిలి కాలుతుంది. బుట్ట కింద రెండు మూడు చెంచాల నీళ్లు పోస్తే కారిన కొవ్వు చల్లబడి పొగ ఆగుతుంది. వాయికీ వాయికీ మధ్య ఆ కొవ్వును వంచేయాలి. తెల్లని పొగ అయితే ఇదే కారణం. నల్లని పొగ వస్తే మాత్రం వెంటనే ప్లగ్గు తీసేయండి. కోడి మాంసం పైకి ఎర్రబడినా లోపల ఉడికిందని అనుకోవద్దు. ముక్కలో మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి.

నూనె లెక్క ఇలా వేసుకోవచ్చు. నూనెలో వేయించిన బంగాళాదుంప ముక్కల్లో ప్రతి 100 గ్రాములకు సుమారు 15 గ్రాముల కొవ్వు ఉంటుంది. మీరు నిన్న 300 గ్రాముల పచ్చి ముక్కలకు రెండు చిన్న చెంచాలు, అంటే సుమారు 9 గ్రాములు కలిపారు. నీరు పోయి అవి 200 గ్రాములకు తగ్గాయనుకున్నా, 100 గ్రాములకు నాలుగున్నర గ్రాములే. మూడో వంతు కంటే తక్కువ. వైద్యులకు ఇదే లెక్క చూపించండి. అయితే ఇది మీరు స్వయంగా చేసిన పచ్చి దుంపలకే వర్తిస్తుంది. గడ్డకట్టించి అమ్మే ముక్కల్లో చాలావాటిని కర్మాగారంలోనే ఒకసారి నూనెలో వేయించి ఉంటారు, వాటిని ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టినంత మాత్రాన ఆ నూనె పోదు. ఉప్పు కూడా వాటిలో ముందే ఉంటుంది. అమ్మగారి కోసమైతే పొట్లం వెనక రాసిన కొవ్వు, సోడియం చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

లెక్క రాసి పెట్టుకున్నాను. ఇవాళ కొలత టేపుతో వెళ్లి నాలుగు యంత్రాల బుట్టలు కొలిచాను. అయిదున్నర లీటర్లని రాసిన రెండింటిలో ఒకదాని అడుగు 19 సెంటీమీటర్లే, రెండోది 23 ఉంది. రెండోదాన్నే, తిప్పే మీటలున్నది, తెమ్మని చెప్పాను. వచ్చేవరకు అక్క యంత్రం మా దగ్గరే ఉంటుంది. రేపు బ్రెడ్ పొడితో కాలీఫ్లవర్ చేసి ఇక్కడ రాస్తాను.